పంపు స్టవ్వు మీద మోపిన నింద

మొన్న సంక్రాంతి సెలవులకు బెంగుళూరు నుండి నంద్యాలకు వచ్చిన మా మేనల్లుడు తన సంచిలో నుండి ఒక చిన్న పరికరాన్ని తీసి నా ముందు పెట్టినాడు. అరచేతిలో ఇమిడేటంత బర్నరు, దానికి మూడు మడత కాళ్ళు, సన్నని గొట్టంతో దానికి కలిపిన అల్యూమినియం సీసా, ఆ సీసా మూతికి ఒక పంపు. హిమాలయాలలో కాలినడక యాత్రలు చేసేవారు వెంట తీసుకొనిపోయే పొయ్యి అట. చలి ముదిరిన చోట గ్యాసు డబ్బాలో ఒత్తిడి తగ్గి మంట సన్నగిల్లుతుంది కనుక, మంచు కొండల మీద ద్రవ ఇంధనంతో మండే పొయ్యినే నమ్ముకుంటారని చెప్పినాడు. ఎక్కడో వెదకి ఒక లీటరు తెల్ల కిరోసిన్ కూడా తెచ్చుకున్నాడు. "మామా, నీకు పంపు స్టవ్వు బాగా తెలుసు గదా, దీన్ని వెలిగించేది చూపించు" అన్నాడు. నేను పంపు పట్టుకోగానే రెండడుగులు వెనక్కు జరిగి, "ఇది పేలదు గదా?" అని అడిగినాడు.

అతనికి ముప్పది యేండ్లు. పంపు స్టవ్వు మీద వంట చేయడం ఊహ తెలిసిన తరువాత అతడు చూసి ఉండడు. అయినప్పటికీ స్టవ్వు అనే నామవాచకం వినగానే 'పేలుట' అనే క్రియ దానంతట అదే అతని నోటికి వచ్చింది. వస్తువు కనుమరుగైనా దాని మీద వేసిన నింద మిగిలిపోయిందన్న మాట. ఆ నింద ఎంతవరకు న్యాయమో పాఠకమహాశయులతో నాలుగు మాటలు పంచుకోవాలని ఈ వ్యాసం మొదలుపెట్టినాను.

తెలుగు పండిత శిక్షణ ముగించుకొని 1984లో నేను ఆళ్ళగడ్డ తాలూకాలోని ఒక ఉన్నత పాఠశాలలో చేరినాను. అప్పటికింకా మండలాలు ఏర్పడలేదు. బ్రహ్మచారిని. అద్దె గది, ఒక చాప, పుస్తకాల పెట్టె, ఒక ఇత్తడి పంపు స్టవ్వు. అదే నా సంసారం. విద్యార్థులను అహోబిలం తీసుకొనిపోయినప్పుడు ఆ స్టవ్వును గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేసేవాళ్ళం. ఎగువ అహోబిలంలో రాతి అరుగు మీద దాన్ని వెలిగించి నలుబది మందికి ఉప్మా చేసిన రోజులు నాకు జ్ఞాపకమున్నాయి. కనుక ఈ విషయంలో నాది పుస్తక జ్ఞానం కాదు, చేతులకు మసి అంటిన జ్ఞానం.

పండితుని చాదస్తం కొద్దీ ముందు మాట సంగతి చూద్దాం. కిరోసిన్‌ను మా పెద్దలు 'సీమనూనె' అనేవారు. ఇక్కడ సీమ అంటే రాయలసీమ కాదు. సీమచింతలోని సీమ వంటిదే, పరదేశమని అర్థం. మన ప్రాంతానికి రాయలసీమ అనే పేరును చిలుకూరి నారాయణరావుగారు ఈ నంద్యాలలోనే, 1928లో జరిగిన సభలలో ప్రతిపాదించినారు. ఆ పేరు పుట్టిన ఊళ్ళోనే పరదేశపు నూనె కూడా సీమ పేరుతోనే చెలామణి అయింది. పరాయి వస్తువు వస్తే అది ఎక్కడిదో చెప్పే పేరు పెట్టుకొన్న నిజాయితీ మన భాషది. అదే భాష ఆ నూనె పోసి వెలిగించే స్టవ్వు విషయంలో ఎందుకు అబద్ధమాడిందన్నదే నా ప్రశ్న.

ఇక వస్తువు సంగతి. స్టాక్‌హోం నగరంలో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన 1892 ప్రాంతంలో మసిలేని పొయ్యిని తయారుచేసి దానికి 'ప్రైమస్' అని పేరు పెట్టినాడు. మన పంపు స్టవ్వులన్నీ ఆ వంశంలోనివే. దాని కిటుకు చాల సులభమైనది. కిరోసిన్ ద్రవరూపంలో మండితే పచ్చని మంట, నల్లని పొగ. ఆవిరిగా మారి, గాలితో కలిసి మండితే నీలిమంట, మసి ఉండదు. అందువలన ముందు బర్నరును వేడి చేయాలి. కొందరు బర్నరు కింది గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించేవారు, కొందరు ఇనుప పట్టుకు గుడ్డ చుట్టి కిరోసిన్‌లో ముంచి బర్నరు దగ్గర మండించేవారు. బర్నరు కాగిన తరువాత గాలి మర బిగించి పంపు కొడితే, తొట్టిలోని గాలి నూనెను పైకి నెడుతుంది. నూనె కాగిన గొట్టంలో ఆవిరియై, వెంట్రుక మందాన ఉండే నిపిలు రంధ్రం గుండా దూసుకువచ్చి బుస్సుమని మండుతుంది. ఆర్పడానికి గాలి మర వదులు చేస్తే చాలు. ఒత్తిడి పోతుంది, మంట చస్తుంది.

దీన్ని కాపాడుకోవడానికి నాలుగైదు నియమాలు చాలును. తొట్టిని ముప్పావు భాగానికి మించి నింపరాదు, పై భాగం గాలికి ఉండాలి. నూనెను గుడ్డతో వడగట్టి పోయాలి, అడుగు నలక పైకి వచ్చి నిపిలును మూస్తుంది. నిపిలు మూసుకుంటే సన్నని తీగ గల పిన్నుతో పొడవాలి గాని, మంట రాలేదని ఇంకా పంపు కొట్టరాదు. పంపు కడ్డీ చివరనుండే తోలు వాషరు ఎండిపోతే గాలి పట్టదు, దాన్ని విప్పి రెండు చుక్కలు కొబ్బరినూనె రాసి మెత్తపరచుకోవాలి. అన్నిటికంటె ముఖ్యం: స్టవ్వు మండుతుండగా గాని, కాగి ఉండగా గాని మూత తీసి నూనె పోయరాదు. కిరోసిన్ ఆవిరులు అంటుకోవడానికి సుమారు 35 డిగ్రీల వేడి దాటితే చాలు. మా నంద్యాల వేసవిలో నీడలోనే 40 దాటుతుంది. అందుచేత ఇక్కడ ఈ నియమాన్ని రెండింతలు పాటించాలి. పెట్రోలు సంగతి చెప్పనక్కరలేదు, గడ్డకట్టే చలిలో కూడా దాని ఆవిరి నిప్పును అందుకుంటుంది. కిరోసిన్ స్టవ్వులో పెట్రోలు పోయడం తెలిసి చేసే ఆత్మహత్యే. మేనల్లుని పొయ్యిలో రెండూ పోయవచ్చునట గాని, ఒక్కొక్క ఇంధనానికి ఒక్కొక్క నిపిలు వేరుగా ఇచ్చినారు. అది మార్చకుండా ఇంధనం మార్చవద్దని అతనికి గట్టిగా చెప్పినాను.

తోలు వాషరును తేలికగా చూడవద్దని చెప్పడానికి ఒక ఉదాహరణ. దక్షిణ ధ్రువానికి పోటీపడి పోయిన అముండ్‌సెన్, స్కాట్ ఇరువురూ ప్రైమస్ పొయ్యిలనే నమ్ముకొన్నారు. 1912లో తిరుగు ప్రయాణంలో స్కాట్ బృందానికి, దారిలో దాచిపెట్టుకొన్న డబ్బాలలో ఉండవలసినంత నూనె కనబడలేదు. డబ్బాల మూతలకు వేసిన తోలు వాషర్లు చలికి చెడి నూనె ఆవిరైపోయిందని చరిత్రకారులు చెబుతారు. అముండ్‌సెన్ తన డబ్బాలకు మాటు వేయించుకున్నాడు. అతడు తిరిగివచ్చినాడు, స్కాట్ రాలేదు. వాషరు చిన్నదే. అది చెప్పే సాక్ష్యం మాత్రం పెద్దది. ఈ మాటను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. పంపు స్టవ్వు పేలుతుందా? పేలవచ్చు. నిపిలు మూసుకున్నా పంపు కొడుతూ పోతే, పాత తొట్టికి మాటు వేసిన చోట అతుకు విడిపోవచ్చు. పెట్రోలు కలిసిన నూనె పోస్తే ఘోరం జరగవచ్చు. అంతకంటె తరచుగా జరిగేది పేలుడు కాదు, మంట ఎగయడం. బర్నరు చాలినంత కాగకముందే పంపు కొడితే నూనె ద్రవంగానే చిమ్మి అడుగెత్తు మంట లేస్తుంది. నా కుడి మణికట్టు మీది మచ్చ అట్లా వచ్చినదే. చీర కొంగు ఆ మంటకు అంటుకొని నిజంగానే ప్రాణాలు పోగొట్టుకొన్న స్త్రీలు ఉన్నారు, వారిని నేను మరువలేదు. అయితే తొట్టి పేలినదంటే దానికి గుర్తులు ఉంటాయి. అతుకు నోరు తెరుస్తుంది, ఇత్తడి ఉబ్బుతుంది, లేదా చీలుతుంది. పేలిన స్టవ్వు మరునాడు అన్నం వండదు. ఇక బత్తీల స్టవ్వులో ఒత్తిడే లేదు, పంపు స్టవ్వు వలె ఒత్తిడికి పగలడానికి అందులో ఏమీ లేదు.

అట్లాంటప్పుడు, 1980లలోను 90లలోను మన దినపత్రికల జిల్లా పేజీలలో 'స్టవ్వు పేలి వివాహిత మృతి' అనే శీర్షిక అంత తరచుగా ఎట్లా వచ్చింది? బస్టాండు దగ్గరి టీ బంకులలో తెల్లవారుజాము నుండి రాత్రి వరకు పంపు స్టవ్వులు మండుతూనే ఉండేవి. వాటి ముందు కూర్చున్నది మగవారే. పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో వంటవారూ ఎక్కువగా మగవారే. వారి మీద స్టవ్వు పేలినట్లు నేను చదివిన జ్ఞాపకం లేదు. అదే ఇంట్లో ఇరవై యేండ్లు వండిన అత్తగారి మీద పేలని స్టవ్వు, ఏడాది కిందట కాపురానికి వచ్చిన కోడలు ముట్టగానే పేలేది. ఇత్తడికి అంత విచక్షణ ఎక్కడిది?

ఆ శీర్షికను వ్యాకరణ దృష్టితో చూడండి. 'పేలి' క్త్వార్థకం. సాధారణంగా క్త్వార్థకానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కటే కావాలి. 'రాముడు తిని పడుకొన్నాడు' అంటే తిన్నదీ పడుకొన్నదీ రాముడే. కర్తలు వేరైనప్పుడు వాడితే అది కార్యకారణ సంబంధాన్ని చెబుతుంది. 'వానలు కురిసి పంటలు పండినాయి' అంటే పంటలకు కారణం వానలు. అంటే 'స్టవ్వు పేలి' అన్న రెండు మాటలతోనే మరణకారణం తేలిపోయింది. విచారణ లేదు, సాక్షి లేడు, శవపరీక్ష ఫలితం రానక్కరలేదు. తరువాతి పదం 'మృతి'. అది క్రియ కాదు, నామవాచకం. ఇక కర్త అవసరమే లేదు. వాక్యంలో మనుషులెవ్వరూ లేరు. ఒక స్టవ్వు, ఒక వివాహిత. ఆమెకు కనీసం పేరు లేదు. తరగతిలో కర్త, కర్మ, క్రియ అని బల్ల గుద్ది చెప్పిన నేను, ఉదయం కాఫీ తాగుతూ ఈ శీర్షికను ఎన్నిసార్లు చదివి పేజీ తిప్పినానో లెక్క లేదు.

ఒకసారి మాత్రం తిప్పలేకపోయినాను. 1991 నవంబరులో నంద్యాల లోక్‌సభ ఉపఎన్నిక. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావుగారు పోటీ చేసినారు గనుక ఊరంతా జెండాలు, పత్రికలంతా ఆ వార్తలు. నేను అప్పటికి నంద్యాలకు బదిలీ అయినాను. ఆ సందడి నడుమ ఒక పత్రికలో మూలన నాలుగు పంక్తులు. అదే శీర్షిక. ఈసారి కింద పేరు ఉంది. ఆళ్ళగడ్డలో నా దగ్గర పదవ తరగతి చదివిన అమ్మాయి. ముత్యాల వంటి దస్తూరి. ఆమె పేరు ఇక్కడ వ్రాయను. నంద్యాలలో కాపురం, పెళ్ళయి రెండేళ్ళు.

మరుసటి వేసవిలో నా స్టవ్వు పంపు పట్టుకొని, గాంధీచౌకుకు పోయే దారిలో ఒక సందులోని మరమ్మతు బంకుకు పోయినాను. ఆ భాయి నన్ను ఎరుగును. నా స్టవ్వు పక్కన పెట్టి, బంకు కింద నుండి మరొక ఇత్తడి స్టవ్వు తీసినాడు. తొట్టి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. సారె సామాను మీద పేరు చెక్కించడం మన వైపు ఆచారమే గదా. ఆ అమ్మాయి పేరు, పెళ్ళి తేదీ. తొట్టికి సొట్ట లేదు, అతుకు చెదరలేదు, నిపిలు శుభ్రంగా ఉంది.

"దీనికేమి రోగం భాయీ?" అని అడిగినాను.

"ఏమీ లేదు సార్. ఆరు నెలలు వాడకుండా పెట్టినారంట, తోలు వాషరు ఎండింది. వాషరు మార్చమని ఇచ్చిపోయినారు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించినాడు. "పేలిన స్టవ్వుకు వాషరు ఏసేది యాడన్నా ఉంటాదా సార్? మీరు చదువుకున్నోళ్ళు, ఏం జెయ్యమంటారు చెప్పండి."

నేను ఏమి చెప్పినానో వ్రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. "మనకెందుకులే భాయీ" అన్నాను. నా స్టవ్వు తీసుకొని ఇంటికి వచ్చినాను. అతడు వాషరు వేసి ఇచ్చి ఉంటాడు. ఆ ఇంట్లో ఆ స్టవ్వు మీద మళ్ళీ అన్నం ఉడికి ఉంటుంది.

ఆ అమ్మాయికి ఏమి జరిగిందో నాకు తెలియదు. తీర్పు చెప్పడానికి నేను న్యాయమూర్తిని కాను. తెలిసినదల్లా ఒక్కటే, స్టవ్వు పేలలేదు. చట్టం కూడా అప్పటికే మేలుకొని ఉండినది. 1983లో 498-ఎ, 1986లో 304-బి భారత శిక్షాస్మృతిలోకి వచ్చినాయి. పెళ్ళయిన ఏడేళ్ళలోపు కాలిన గాయాలతో స్త్రీ మరణించి, అంతకుముందు కట్నం కోసం వేధింపు జరిగినట్లు తేలితే, అది వరకట్న మరణమని చట్టం స్పష్టంగా చెప్పింది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 80, 85 సెక్షన్లుగా ఉన్నాయి. అంటే 1992లో నేను, ఆ భాయి పోయి చెప్పుకొనడానికి చోటు ఉండినది. పోలేదు. కర్తను దాచిన ఆ వాక్యాన్ని వ్రాసిన విలేఖరిని తప్పుపట్టే ముందు నన్ను నేను తప్పుపట్టుకోవాలి.

ఇంకొకటి కూడా చెప్పి తీరాలి. తరువాత నాలుగైదేండ్లకు ఆళ్ళగడ్డ బస్టాండులో ఆ అమ్మాయి తండ్రి కనబడినాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చి, "సారూ, గట్టి స్టవ్వని ఏరికోరి నేనే కొనిస్తి. నేనిచ్చిన స్టవ్వే నా బిడ్డను తినె" అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవలసింది. బస్సు వచ్చిందని ఎక్కినాను. ఆయన ఇప్పుడు లేడు. ఒక అబద్ధపు వాక్యం దోషిని కాపాడడంతో ఆగదు, నిర్దోషి నెత్తిన ఆ బరువును పెట్టి పోతుందని నాకు అప్పుడు అర్థమైంది. బిడ్డ సుఖంగా వండుకోవాలని స్టవ్వు కొనిచ్చిన తండ్రి, బిడ్డను చంపినది తానేనని తలచుతూ పోయినాడు.

పంపు స్టవ్వుల కాలం ముగిసింది. 1999లో రాష్ట్రంలో వచ్చిన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్జ్వల పథకం పేద ఇండ్లలోకి గ్యాసు తెచ్చినాయి. రేషను దుకాణం ముందు నీలిరంగు కిరోసిన్ కోసం డబ్బాలు వరుసగా పెట్టే దృశ్యం మా ఊళ్ళో కనబడడం లేదు. ఆడవారి కండ్లకు, ఊపిరితిత్తులకు అది గొప్ప మేలు, సందేహం లేదు. అయితే వాక్యం మాత్రం పోలేదు. స్టవ్వు చోట సిలిండరు వచ్చి కూర్చున్నది. 'గ్యాస్ లీకై', 'ప్రమాదవశాత్తు నిప్పంటుకొని' అన్న క్త్వార్థకాలు ఇంకా చదువుతూనే ఉన్నాను. వాటిలో నిజమైన ప్రమాదాలు ఉండవచ్చు, ప్రతి ఇంటినీ అనుమానించమని నేను అనడం లేదు. తేలకముందే తేల్చవద్దని మాత్రమే నా మనవి. 'కాలిన గాయాలతో ఫలానా ఆమె మృతి, కారణంపై విచారణ' అని వ్రాస్తే అక్షరాలు నాలుగు పెరుగుతాయి, సత్యం చెడదు. తెలుగు ఉపాధ్యాయ మిత్రులకు కూడా ఒక విన్నపం. క్త్వార్థకం బోధించేటప్పుడు రాముడు తిని పడుకొన్న వాక్యంతో బాటు ఈ శీర్షికను కూడా బల్ల మీద వ్రాయండి. కర్త ఎక్కడని పిల్లలను అడగండి. నేను ముప్పదైదేండ్లు పాఠం చెప్పి ఒక్కసారి కూడా అడగలేదు.

మేనల్లునికి ఆ సాయంత్రం పెరట్లో పొయ్యి వెలిగించి చూపించినాను. బర్నరు కాగిన దాకా ఓపిక పట్టినాము, తరువాత పంపు కొట్టినాము. అదే బుసబుస, అదే నీలిమంట. తొట్టి ఎక్కడ ముట్టి చూడాలో, వాషరు ఎట్లా విప్పాలో, గాలి మర ఎప్పుడు వదలాలో అతని చేతనే చేయించినాను. "పేలదు గదా?" అన్న ప్రశ్నకు నా జవాబు ఇది: "నాయనా, నియమం తప్పితే పేలవచ్చు. పేలితే మాత్రం అదే చెబుతుంది, దాన్ని విప్పి చూడు. ఎవరో పేలిందన్నారని నమ్మి ఊరుకోవద్దు."

ఇంతకాలానికైనా ఈ మాట చెప్పగలిగినాను. ఆ తండ్రికి చెప్పవలసిన మాట ఇది. స్వస్తి.